రెక్క కిందికి వంగి చూడండి

(వేసవి సెలవుల్లో విజయవాడ సత్యనారాయణపురంలో పిల్లల కోసం జరిగిన సభలో ఒక పాలిటెక్నిక్ మెకానికల్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టినది.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, వెనక వరస వాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, కొంచెం ముందుకి జరగండి. పెద్దవాళ్ళు కుర్చీల్లో కూర్చోండి, పిల్లలు ఈ చాపల మీదికి వచ్చేయండి. కాసేపట్లో మీలో కొంతమందితో నాకు పని ఉంది.

విమానం ఎక్కినవాళ్ళు చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. సంతోషం. మా చిన్నప్పుడు ఇదే సత్యనారాయణపురంలో ఇలా అడిగితే ఒక్క చెయ్యి కూడా లేచేది కాదు. సరే, ఇప్పుడు ఇంకోటి అడుగుతాను. విమానం ఇంజనుని దగ్గరగా, లోపలి భాగాలు కనపడేట్టు చూసినవాళ్ళు? ఎవరూ లేరా? పెద్దవాళ్ళలో? అక్కడ ఒకాయన ఎత్తారు. బాబాయ్ గారూ, మీరెక్కడ పనిచేశారండీ? డీజిల్ షెడ్డా! అయితే మిమ్మల్ని చివర్లో వదలను.

చూశారా, మనందరం గన్నవరం వెళ్ళి విమానం ఎక్కుతాం. కిటికీ పక్క సీటు కావాలంటాం. పైకి లేచాక కృష్ణ కనపడితే ఫోటో తీసుకుంటాం, దిగి వచ్చేస్తాం. దాని కింద దూరి నట్లు బిగించినవాళ్ళు, రాత్రి టార్చిలైటు వేసుకుని పగుళ్ళు వెతికినవాళ్ళు మనకి ఎదురుపడరు. నేను ఇవాళ మాట్లాడటానికి వచ్చింది వాళ్ళ గురించి. వాళ్ళని నేను మొదట ఒక మ్యూజియంలో, మా నాన్నగారి పక్కన నిలబడి తెలుసుకున్నాను.

మాది రైల్వే కుటుంబం. నాన్నగారు ఫిట్టరు. స్టీము ఇంజన్ల మీద పని నేర్చుకుని, తర్వాత డీజిల్ షెడ్డుకి మారారు. రైల్వే వాళ్ళకి పాసులు ఉంటాయని మీకు తెలుసు కదా. ఎనభైల చివర్లో, నేను ఏడో తరగతి అయిపోయిన వేసవిలో, ఆ పాసు మీద అందరం ఢిల్లీ వెళ్ళాం. నాన్న, అమ్మ, నేను, తమ్ముడు. జీటీ ఎక్స్‌ప్రెస్. అమ్మ చింతపండు పులిహోర, చక్కిలాలు కట్టింది. బల్లార్షా దాటాక ఎండ, నాగపూర్‌లో ఇంకా ఎండ. ఎర్రకోట చూశాం, కుతుబ్ మీనార్ చూశాం. వాటి గురించి మీకు వేరే వాళ్ళు చెప్తారు. నేను చెప్పాల్సింది పాలం గురించి.

పాలంలో మన వాయుసేన మ్యూజియం ఉంది. 1967 నుంచి ఉంది. లోపల పెద్ద షెడ్డు, బయట ఆరుబయట ఇంకొన్ని విమానాలు. షెడ్డు అనగానే మా నాన్నకి ప్రాణం లేచి వచ్చింది. ఎర్రకోటలో కాళ్ళు నొప్పులన్న మనిషి అక్కడ అందరికంటే ముందు నడిచారు.

ముందు వాపిటి అనే విమానం చూశాం. రెండు అంతస్తుల రెక్కలు, ముందు చెక్కతో చేసిన పంఖా, ఒంటి మీద లోహం రేకు బదులు గుడ్డ. మన వాయుసేన 1932 అక్టోబర్ 8న పుట్టింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలో మొదటి స్క్వాడ్రన్, అంటే విమాన దళం, మొదలైనప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నవి ఇలాంటి వాపిటిలు నాలుగే. ఇక్కడ ఒక్క మాట శ్రద్ధగా వినండి. అప్పుడు ఆఫీసర్లతో పాటు 19 మంది సిపాయిలు ఉన్నారు. హవాయీ సిపాయిలు అనేవారు వాళ్ళని. పని ఏమిటంటే, ఈ విమానాలని ఎగరడానికి సిద్ధం చేయడం. మొదటి పైలట్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. ఈ 19 మంది పేర్లు మనలో ఎవరికి తెలుసు? అలాంటి హవాయీ సిపాయిగానే చేరాడు హర్జీందర్ సింగ్. లాహోర్‌లో ఇంజనీరింగ్ చదువుకుని కూడా సిపాయి ఉద్యోగంలో చేరి, చేతులకి గ్రీజు పూసుకుని పనిచేసి, చివరికి ఎయిర్ వైస్ మార్షల్ అయ్యాడు. పిల్లలూ, ఈ పేరు రాసుకోండి. హర్జీందర్ సింగ్.

నాకు ఆ వయసులో ఇవేవీ తెలియవు. నేను చేసింది ఒకటే, లెక్కపెట్టడం. వాపిటి ముక్కు మీద ఇంజను గుండ్రంగా, చుట్టూ సిలిండర్లు పెట్టి ఉంటుంది. లెక్కపెట్టాను. తొమ్మిది. పక్కన ఇంకో విమానం, లైసాండర్. దానికీ తొమ్మిదే. తర్వాత ఆరుబయటికి వచ్చాం. అక్కడుంది లిబరేటర్ అనే పెద్ద బాంబర్.

ఆ లిబరేటర్ ఎంత ఉంటుందో తెలుసా? ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొస దాకా 110 అడుగులు. నాలుగు ఇంజన్లు. నేను రెక్క కిందికి వెళ్ళి తల పైకెత్తి లెక్కపెట్టాను. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే. "నాన్నా, అటు తొమ్మిది, ఇటు ఏడు. ఎనిమిది ఎందుకు లేదు? పది ఎందుకు లేదు?" అని అడిగాను. నాన్న కూడా తల ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు. "నాకు తెలియదమ్మా. కనుక్కుందాం" అన్నారు.

తల్లిదండ్రులకి చెప్తున్నాను, ఆ మాట విలువ నాకు ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది. ముప్ఫై ఏళ్ళు ఇంజన్లతో బతికిన మనిషి, ఏడో తరగతి పిల్లతో "నాకు తెలియదు, కనుక్కుందాం" అన్నారు. కసురుకోలేదు, ఏదో ఒకటి చెప్పి పంపించలేదు.

మేం తెలుగులో మాట్లాడుకోవడం విని, అక్కడ డ్యూటీలో ఉన్న యూనిఫాం మనిషి దగ్గరికి వచ్చాడు. "మీదే ఊరండీ?" అన్నాడు. బెజవాడ అన్నారు నాన్న. "మాది పొన్నూరు దగ్గర పల్లె అన్నగారూ!" అన్నాడు. అంతే. ఢిల్లీలో, ఆ ఎండలో, పొన్నూరు మనిషి దొరికాడు. మా అమ్మ వెంటనే చక్కిలాల డబ్బా తీసింది. ఆయనా మెకానిక్కే. ఇక చూడండి, ఇద్దరు మెకానిక్కులు కలిస్తే ఎలా ఉంటుందో!

"ఏడు కాదు పాపా, సందుల్లోంచి చూడు" అన్నాడు ఆయన. చూస్తే వెనక ఇంకో వరస. ముందు ఏడు, వెనక ఏడు, మొత్తం పద్నాలుగు. వెనకవాటికి కూడా గాలి తగలాలి కదా, అందుకని ముందువాటి సందుల్లోకి వచ్చేట్టు అమర్చారు. ఇంజను చల్లబడేది గాలితోనే, నీళ్ళు లేవు. ఒక్కో ఇంజను 1,200 హార్స్ పవర్. నాన్న బరువు అడిగారు. అర టన్ను పైచిలుకు అని చెప్పాడాయన. నాన్న నమ్మలేదు. మా నాన్న షెడ్డులో చూసే డబ్ల్యూడీఎం-2 లోకోది 2,600 హార్స్ పవర్, కానీ దాని ఇంజను ఒక్కటే ఎన్నో టన్నులు తూగుతుంది. "అంత బలం ఇంత తేలిక దాంట్లోంచి ఎట్లా తీశారయ్యా!" అని ఆ సిలిండర్ల చుట్టూ పలచగా ఉన్న రేకుల్ని చూస్తూ ఉండిపోయారు.

ఆ తర్వాత పొన్నూరాయన చెప్పిన కథ నేను ఇన్నేళ్ళుగా మా విద్యార్థులందరికీ చెప్తున్నాను. రెండో ప్రపంచయుద్ధం అయిపోయింది. ఈ లిబరేటర్లు అమెరికా నుంచి వచ్చినవి. ఒప్పందం ప్రకారం బ్రిటిష్ వాళ్ళు వాటిని ఇంకెవరూ వాడకుండా పాడుచేసి, కాన్పూర్‌లో పడేసి వెళ్ళిపోయారు. దెబ్బలు కొట్టి, భాగాలు విరగ్గొట్టి, ఎండకీ వానకీ వదిలేశారు. మనకి స్వాతంత్ర్యం వచ్చింది. బాంబర్లు లేవు, కొనడానికి డబ్బు లేదు. అప్పుడు బెంగళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు కాన్పూర్ వెళ్ళారు. ఆ శిథిలాల్లో తిరిగి, ఒకదాని చక్రం, ఒకదాని పంపు, ఇంకోదాని మీటర్లు తీసి, ఒక్కో విమానాన్ని బెంగళూరు దాకా ఎగరగలిగేంత మటుకు బాగుచేశారు. జంషెడ్ మున్షీ అనే టెస్ట్ పైలట్ వాటిని నడుపుకుంటూ బెంగళూరు తీసుకెళ్ళాడు. అక్కడ పూర్తిగా విప్పి కట్టారు. 1948 నవంబర్‌లో అయిదో స్క్వాడ్రన్‌కి మొదటివి అందాయి. అలా నలభైకి పైగా లేచి నిలబడ్డాయి. ఎన్నాళ్ళు ఎగిరాయో తెలుసా? 1968 దాకా! ఇరవై ఏళ్ళు.

చెత్తలో పారేసినవి ఇరవై ఏళ్ళు ఎగిరాయి. పెద్దవాళ్ళు కూడా ఒక్కసారి ఆలోచించండి. ఆ పని చేసినవాళ్ళ దగ్గర కంపెనీ ఇచ్చిన పుస్తకాలు పూర్తిగా ఉండి ఉంటాయా? కొత్త విడిభాగాలు ఉండి ఉంటాయా? చేతులూ కళ్ళూ ఉన్నాయి, అంతే.

ఆ మాట వినగానే నాన్న ఏం చేశారంటే, వంగి లిబరేటర్ పొట్ట కిందికి వెళ్ళారు. నన్ను కూడా రమ్మన్నారు. రేకుల్ని కలిపి బిగించే రివిట్ల వరసలు చూపించారు. స్టీము బాయిలర్లకీ రివిట్లే కదా, ఆయనకి అవి కొట్టిన మనిషి కనపడతాడు. "ఇదిగో ఈ వరస చూడు, నూలు వేసినట్టు ఉంది. ఇక్కడ చూడు, కొంచెం పక్కకి జరిగింది. తర్వాత అతుకు వేశారిక్కడ. బాగా వేశారు." అంతవరకూ నేను విమానం మొత్తాన్ని చూశాను. ఆ తర్వాత నుంచి నాకు ఏ యంత్రం దగ్గరికెళ్ళినా మొదట అతుకులు చూడటం అలవాటైంది.

మళ్ళీ లోపలికొచ్చాం. అక్కడ ఒక జపాన్ది ఉంది. ఓకా. చాలా చిన్నది, ఇరవై అడుగుల పొడవు. చెక్క రెక్కలు. ముక్కులో 1,200 కిలోల పేలుడు మందు, తోకలో మూడు రాకెట్లు. పెద్ద బాంబర్ కింద వేలాడదీసి తీసుకెళ్ళి వదిలేవాళ్ళు. 1945లో వాడారు.

మా అమ్మమ్మ వాళ్ళది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజు గురించి అమ్మమ్మ చెప్పే మాటలు వింటూ పెరిగింది మా అమ్మ. అందుకని జపాన్ది అనగానే ఆగిపోయింది. చుట్టూ తిరిగి చూసింది. అంతదాకా ఒక్క ప్రశ్న కూడా అడగని మనిషి అడిగింది. "దీనికి చక్రాలు ఏవి తమ్ముడూ?"

"లేవక్కయ్యా. ఇది దిగదు. ఎక్కినవాడు ఓడకి తగిలించి పేల్చేసుకోవాలి. ఇంక చక్రాలెందుకు?"

అమ్మ తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవరో కన్న పిల్లవాడే కదా" అంది. కాకినాడ మీద బాంబులు పడ్డ కథలు విన్న మనిషి ఆ మాట అంది. నాన్న అన్నారు, "షెడ్డుకి తిరిగి రాని బండి ఇది. దీని మీద పనిచేసిన ఫిట్టరు మనసు ఎట్లా ఉండేదో."

నేను పదిమందికి యంత్రాల పాఠాలు చెప్పాను. నీతి పాఠం చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ మాటే చెప్పాను. మెకానిక్ పని అంటే, వెళ్ళిన బండి తిరిగి రావాలని చేసే పని. చక్రాలు లేకుండా విమానం గీసిన చెయ్యి, ఆ పనికే ఎదురు తిరిగింది. నాకు ఆ మ్యూజియంలో అన్నిటికంటే భయం వేసింది దాన్ని చూస్తేనే. ఇప్పటికీ అంతే.

నాట్ అనే చిన్న యుద్ధవిమానం గురించి కూడా కొంచెం చెప్పనివ్వండి. లిబరేటర్ రెక్కలు 110 అడుగులని చెప్పాను కదా. నాట్‌కి 22 అడుగులు. మా రైల్వే క్వార్టర్ వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఎంతో, అంత. ఇంత చిన్నదాంట్లో కూర్చునే 1971 డిసెంబర్ 14న నిర్మల్ జీత్ సింగ్ సెఖోన్ శ్రీనగర్ కాపాడబోయి ప్రాణాలిచ్చాడు. వాయుసేనలో పరమవీర చక్ర వచ్చింది ఆయన ఒక్కడికే. దాంట్లో ఉన్న జెట్ ఇంజను పేరు ఆర్ఫియస్. అదే ఇంజను రకాన్ని రెండు పెట్టి మనవాళ్ళు బెంగళూరులో మారుత్ అనే యుద్ధవిమానం కట్టారు. జర్మనీ నుంచి వచ్చిన కర్ట్ టాంక్ దాన్ని రూపొందించాడు. 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. అనుకున్నంత బలమైన ఇంజను చివరిదాకా దొరకలేదు, అందుకే అనుకున్నంత వేగం రాలేదు. దాన్ని మొదట నడిపిన సురంజన్ దాస్ 1970 జనవరిలో మారుత్ పరీక్షల్లోనే చనిపోయాడు. బరువులు మోసే ప్యాకెట్ విమానాలకి కూడా లడఖ్ ఎత్తుల్లో బలం చాలక, వీపు మీద ఒక జెట్ ఇంజను కట్టారు. అదీ తర్వాత ఆర్ఫియస్సే. ఒక్క ఇంజనుతో ఎన్ని పనులు చేయించుకున్నారో చూడండి. లేనప్పుడు ఉన్నదానితో పని నడిపించడం మనవాళ్ళకి బాగా తెలుసు. ఆ హిందుస్తాన్ వాళ్ళే, ఇప్పటి హెచ్.ఏ.ఎల్., బెంగళూరులో 2001లో మ్యూజియం పెట్టారు. నేను మా విద్యార్థులని తీసుకెళ్ళి మారుత్ ముందు నిలబెట్టి ఇదంతా చెప్పాను.

సరే, ఏడు సంగతికి వద్దాం. మర్చిపోలేదు కదా? ఏడెందుకు, తొమ్మిదెందుకు, ఎనిమిది ఎందుకు కాదు? పొన్నూరాయన "బేసి సంఖ్యే ఉండాలంటారు పాపా, మా సారు చెప్పారు" అన్నాడు, కారణం ఆయనకీ తెలియదు. నాకు పాలిటెక్నిక్‌లో చేరాక తెలిసింది. మా లెక్చరర్ గారు బోర్డు మీద వృత్తం గీశారు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి, నాన్న నట్ల డబ్బా నేల మీద బోర్లించి, ఏడు నట్లు గుండ్రంగా పేర్చి చూపించాను. ఇప్పుడు మీతో చేయిస్తాను. ఏడుగురు రండి. తోసుకోవద్దు. నువ్వు, నువ్వు, చారల చొక్కా అబ్బాయి, ఆ ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, ఇంకో ఇద్దరు. గుండ్రంగా నిలబడండి. ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లు చెప్పుకోండి.

మీరు సిలిండర్లు. సిలిండర్ నాలుగు పనులు చేస్తుంది. గాలీ పెట్రోలూ పీల్చుకోవడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం. ఈ నాలుగూ అయ్యేసరికి మధ్యలో ఉన్న క్రాంకు, అంటే సిలిండర్లు తిప్పే మడతల ఇరుసు, రెండు చుట్లు తిరుగుతుంది. అంటే రెండు చుట్లకి ప్రతివాళ్ళకీ ఒక్కసారే మంట వస్తుంది. మంట వచ్చినప్పుడు చప్పట్లు కొట్టండి. మీ పక్కవాళ్ళని వదిలేసి ఆ తర్వాతవాళ్ళు కొట్టాలి. ఒకటి మొదలు. ఒకటి! మూడు! అయిదు! ఏడు! ఇప్పుడు ఒకటిని వదిలేయండి, రెండు! నాలుగు! ఆరు! మళ్ళీ? ఏడుని వదిలేస్తే ఒకటి! చూశారా? రెండు చుట్లలో ఏడుగురికీ వచ్చింది. ఎక్కడా తాళం తప్పలేదు, ఒకే ఎడం.

ఇంకొకరు రామ్మా, ఎనిమిది చేద్దాం. ఒకటి! మూడు! అయిదు! ఏడు! తర్వాత? ఎనిమిదిని వదిలేస్తే మళ్ళీ ఒకటే! రెండో నంబర్ పాప పాపం చేతులు కట్టుకుని చూస్తోంది. నాలుగు, ఆరు, ఎనిమిదికీ రాలేదు. వాళ్ళకి రావాలంటే ఎక్కడో ఒకచోట తాళం తప్పాలి, ఇంజను కుదుపుతుంది. అందుకే వరసకి ఏడు, లేదా తొమ్మిది. కూర్చోండి, బాగా చేశారు.

బాబాయ్ గారు చెయ్యెత్తారు. అడగండి. అవునండీ, మంచి ప్రశ్న. మన డీజిల్ లోకోకి పదహారు సిలిండర్లు కదా అంటున్నారు. అక్కడ సిలిండర్లు పొడుగ్గా వరసగా ఉంటాయి, క్రాంకుకి చాలా మడతలు ఉంటాయి. ఎవరి మడత వాళ్ళది. ఈ గుండ్రటి ఇంజనులో ఒక వరసలోని అందరూ ఒకే మడతని తిప్పాలి. అందుకే ఈ నియమం. మా నాన్న కూడా నట్లు చూసి సరిగ్గా ఇదే అడిగారు.

ఇప్పుడు అసలు విషయం. మనం పాలం దాకా వెళ్ళక్కర్లేదు. విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో టీయూ-142 ఉంది. సముద్రంలో జలాంతర్గాములని వెతికే విమానం, ఈ రకం 1988లో మన నౌకాదళంలో చేరింది. ఈ రకం విమానాలన్నీ కలిపి 29 ఏళ్ళలో 30,000 గంటలు ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరి 2017లో రిటైరయ్యాయి. అదే ఏడాది డిసెంబర్లో ఇక్కడున్నదాన్ని మ్యూజియంగా తెరిచారు. 30,000 గంటలు, ఒక్క ప్రమాదం లేకుండా. ఆ లెక్కలో సగం పైలట్లది, సగం నేల మీద ఉన్నవాళ్ళది. లోపలికి కూడా వెళ్ళొచ్చు. ఇక్కడ పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం.

కానీ నేను చాలాసార్లు చూశాను. పిల్లల్ని బస్సుల్లో తెస్తారు, వరసగా నిలబెట్టి ఫోటో తీస్తారు, అరగంటలో బీచికి వెళ్ళిపోతారు. నాకు బాధగా ఉంటుంది. ఆ విమానం ఇంజను ఒక్కోదానికి ముందు వెనకగా రెండు పంఖాలు ఉంటాయి, ఒకటి ఇటు తిరిగితే ఒకటి అటు తిరుగుతుంది. ముందు పంఖా గాలిని మెలితిప్పి వదిలితే, ఆ మెలికలో వృథాగా పోయే బలాన్ని వెనక పంఖా పట్టుకుంటుంది. ఒక్కో పంఖాకి నాలుగు రేకులు. నాలుగు ఇంజన్లకి మొత్తం ఎన్ని రేకులు? గట్టిగా చెప్పండి. ముప్ఫై రెండు! దాని కింద నిలబడి ఈ లెక్క వేసిన పిల్లవాడికి, పక్కన ఉన్న పెద్దాయన "ఇదిగో, ఈ బోల్టుకి తీగ చుట్టారు చూడు, ఊడకుండా" అని చూపిస్తే, ఆ పిల్లవాడు అరగంటలో కదలడు. నేను కదల్లేదు.

కాబట్టి నేను అడిగేది ఇదీ. ఈ సత్యనారాయణపురంలో, అజిత్‌సింగ్ నగర్లో, ఆటోనగర్లో ఎంతమంది మెకానిక్కులు ఉన్నారో మీకే తెలుసు. షెడ్డుల్లో రిటైరైనవాళ్ళున్నారు, వాయుసేనలో ఎయిర్‌మెన్‌గా చేసి వచ్చి స్థిరపడ్డ గుంటూరు, తెనాలి వాళ్ళున్నారు. వాళ్ళకి విమానాల గురించి తెలియకపోయినా ఫరవాలేదు. మా నాన్నకీ తెలియదు. రివిటు తెలుసు, అతుకు తెలుసు, బరువు తెలుసు. ఈ సెలవులు అయ్యేలోపు విశాఖ వెళ్దాం. అయిదుగురు పిల్లలకి ఒక మెకానిక్ చొప్పున జట్లు చేస్తాను. అమ్మలు కూడా రండి, మా అమ్మ అడిగిన ప్రశ్న మా నాన్నకి తట్టలేదు.

బయట టేబుల్ దగ్గర పుస్తకం పెట్టాం. పిల్లల పేర్లు ఇప్పుడే రాయకండి. ముందు మెకానిక్కుల పేర్లు రాయించండి, ఎంతమంది వస్తారో చూసి అన్ని జట్లకే పిల్లల్ని తీసుకుంటాం. బాబాయ్ గారూ, మొదటి పేరు మీదే. రండి.